అరవై రెండో గేటు

నాచారం,
18 జూలై 2010

మిత్రుడు సాంబయ్యకు,

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. నువ్వు నారపల్లిలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మన సుబోధ కాలనీలో నా మాట వినే నాథుడు లేడు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నేను ముప్ఫై ఆరేళ్ళు పోస్టాఫీసులో కూర్చున్నాను. నువ్వు ఇరవై రెండేళ్ళు ఈ వీధుల్లో సైకిల్ తొక్కి ఉత్తరాలు పంచావు. అలాంటి మనిద్దరమే సెల్లులో కబుర్లాడుకుంటే ఇక ఈ దేశంలో ఉత్తరం రాసేవాడెవడయ్యా? అరగంట బస్సు దూరమైనా సరే, ఉత్తరమే.

అసలు సంగతికొస్తాను. ఎన్నికల ఖర్చుకు కళ్ళెం వెయ్యడానికి, ఓట్లకు భద్రత కల్పించడానికి ఢిల్లీలో కొత్త చట్టం తెచ్చే ఆలోచన ఉందట. ప్రజలెవరైనా సలహాలు పంపొచ్చని పేపర్లో పడింది. ప్రజలంటే ఎవరు? నేనే కదా! పదకొండు ఎన్నికల్లో బూత్ డ్యూటీ చేసినవాణ్ణి. సారా పొట్లాలు చూశాను, ముక్కుపుడకలు చూశాను, చచ్చిపోయిన వాళ్ళు క్యూలో నిలబడి ఓటెయ్యడం చూశాను. అందుకే నెల రోజులు కూర్చుని నేనే ఒక ముసాయిదా రాశాను. నలభై ఒక్క సెక్షన్లు. మా ఆవిడ శ్యామల "ఈ కాగితాల మీద పప్పు ఆరబోసుకోవచ్చా?" అని అడిగింది. ఆడవాళ్ళకు రాజ్యాంగం అంటే అలుసు.

ఊరికే పంపితే ఢిల్లీవాళ్ళు నమ్ముతారా? అందుకని ఒక ఉపాయం చేశాను. అక్టోబరులో మన కాలనీ సంక్షేమ సంఘానికి ఎన్నికలు. వాటిని నా చట్టం ప్రకారం జరిపించి, "ఆచరణలో పరీక్షించబడినది" అని రాసి మరీ పంపుతాను. అధ్యక్ష పదవికి నేనే నిలబడుతున్నాను. అధ్యక్షుడి సంతకంతో వెళ్తే ఆ బరువే వేరు కదా. అవతల రిటైర్డు టీచరు హైమావతి గారు నిలబడుతున్నారు. పాపం, ఓడిపోతారు.

ఎన్నికల అధికారిగా కాలనీలో ఓటు లేని నిజాయితీపరుడు కావాలి. నీ పేరు రాసేశాను, ముసాయిదా నకలు కూడా దీంతో పంపుతున్నాను. కాదనకు.

ఇట్లు,
పరంధామయ్య


నారపల్లి,
26 జూలై 2010

పోస్టుమాస్టర్ సారుకు సాంబయ్య దండాలు.

మీ ఉత్తరం ముట్టింది. మా ఇంటామె సత్తమ్మకు గూడ సదివి వినిపిచ్చిన. "మీ సారుకు పించిను సరిపోతలేదా, గీ పని వెట్టుకున్నడు?" అన్నది. దాని మాట పట్టుకోకున్రి. అది మా ఊరి సర్పంచ్ ఎలక్షన్ల ఇద్దరి కాడ చీరలు తీసుకొని మూడోటాయినకు ఓటేసిన మనిషి.

మీరు పంపిన నలభై ఒక్క సెక్షన్లు సదివిన సారు. మస్తుగున్నయ్ గని కొన్ని సమజ్ గాలే. ఏడో సెక్షన్ల, ఓట్లడిగేటోడు ఓటరు ఇంట్లకు పోవద్దు, గేటు బయటనే నిలవడాలె, ఆడ మంచినీళ్ళు గూడ తాగొద్దు అని రాసిన్రు. ఎండల దిరిగేది మీరే గద, జర సోంచాయించున్రి. పందొమ్మిదో సెక్షన్ల, అభ్యర్థి ఇంటి నుంచి ఓటరు ఇంటికి తినేటి వస్తువు ఏది వచ్చినా లంచమే అన్నరు. మరి నేను ఇరవై రెండేండ్లు మీ గేటు కాడ శ్యామల చెల్లె వోసిన మజ్జిగ తాగిన. నాకే ఓటుంటే నేను అమ్ముడువోయినోన్నేనా?

ఇంగ నాలుగో సెక్షన్. గుర్తు మీద ముద్ర గాదు, ఓటరు తన సొంత చేతిరాతతోని అభ్యర్థి పేరు మొత్తం రాయాలె అని వెట్టిన్రు. ఇది మంచిదో చెడ్డదో నాకైతే ఎటూ తోస్తలేదు. ఎందుకో మనసుల కొంచెం గుబులుగున్నది. ఏందో తర్వాత జెప్త.

ఎన్నికల అధికారిగ రమ్మన్నరు, వస్త. ఇద్దరాంధ్రోళ్ళ పంచాయితి దెంపనీకి తెలంగాణోన్ని పెద్దమనిషిని జేసిన్రు, అదే సంబురం. ఒక్క మాట సారు. ఢిల్లీల మా రాష్ట్రం సంగతే యాభై ఏండ్ల సంది తేల్తలేదు. మీ బిల్లు తేలుతదంటరా?

మీ సాంబయ్య


నాచారం,
29 ఆగస్టు 2010

మిత్రుడు సాంబయ్యకు,

జయం! రెండు వారాల కిందట సర్వసభ్య సమావేశంలో నా నలభై ఒక్క సెక్షన్లూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. నేను మూడో సెక్షన్ చదువుతుండగా కరెంటు పోయింది. దోమలు. "అన్నిటికీ ఒప్పుకుంటే ఇళ్ళకు పోవచ్చా?" అని ఎవరో అడిగారు. పోవచ్చన్నాను. చీకట్లో అందరూ చేతులెత్తారట, ఎత్తినవాళ్ళే చెప్పారు.

చిన్న చిక్కొచ్చింది. దొంగ ఓట్లు పడకుండా పన్నెండో సెక్షన్‌లో "ఇంటికొక ఓటు, అదీ ఇల్లు ఎవరి పేరున రిజిస్టరైందో వారికే" అని రాశాను కదా. సంఘం రసీదులు రాసే, సాయంత్రాలు నాతో చదరంగమాడే మన చిదంబరాన్ని ఎన్నికల ఖర్చుల పరిశీలకుడిగా పెట్టాం. అతను కళ్ళజోడు సర్దుకుని జాబితా చదువుతూ, "పద్నాలుగో నంబరు ఇల్లు, ఓటరు శ్యామలాదేవి. సార్, మీకు ఓటు లేదు" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. నిజమే, మా మామగారిచ్చిన ఎకరం అమ్మి కొన్నాం కనుక ఇల్లు ఆమె పేరునే ఉంది. అభ్యర్థికి సొంత ఇల్లు ఉండనక్కర్లేదని పదమూడో సెక్షన్‌లో రాసి బతికిపోయాను. అయినా ఓటు ఎవరి పేరునుంటేనేం, ఇంట్లోనే ఉంది కదా.

ప్రచారం మొదలుపెట్టాను. కాలనీలో అరవై మూడు ఇళ్ళు. మా ఇల్లూ హైమావతి గారి ఇల్లూ తీసేస్తే అరవై ఒక్క గేట్లు. ఒక్కో గేటు బయటా నిలబడి, నమస్కారం పెట్టి, నా చట్టం గురించి వివరించి ఓటడుగుతున్నాను. శాంతాబాయి మంచినీళ్ళ చెంబుతో బయటికొచ్చింది. తాగనన్నాను. "ఎండల నిలవడ్డ మనిషికి నీళ్ళియ్యకుంటే నాకు పాపం తగుల్తది" అంది. సెక్షన్ ఏడు చూపించాను. ఆమె, "తాగొద్దని రాసినవ్ గని, నెత్తి మీద పోస్కోవద్దని రాయలేదు గదా" అని చెంబెత్తి నా నెత్తిన పోసేసింది. తడిసిన పంచెతో మిగతా తొమ్మిది గేట్లూ పూర్తి చేశాను. చట్టంలో లొసుగులుంటాయని దీన్నిబట్టి తెలిసింది. ఏడు-బి చేర్చాను.

ఇంకోటి విను. హైమావతి గారు ప్రతి శుక్రవారం మా ఇంటికి ఏదో ఒకటి గిన్నెలో పంపుతారని నీకు తెలుసుగా. శ్యామల ఆ గిన్నెలో మళ్ళీ ఏదో పెట్టి పంపుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ గిన్నె ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతూనే ఉంది. మొన్న శుక్రవారం కొబ్బరన్నం వచ్చింది. ఆవిడ అభ్యర్థి! మా ఆవిడ ఓటరు! పందొమ్మిదో సెక్షన్ నేను రాసి నేనే మింగనా? పాత అలవాటు కొద్దీ గిన్నె మూత మీద "తిరస్కరించారు, పంపినవారికి వాపసు" అని చీటీ అంటించి, తేదీ వేసి, సంతకం పెట్టి నేనే తీసుకెళ్ళి ఇచ్చొచ్చాను. శ్యామల "గిన్నె అలా పంపిస్తారా ఎవరైనా?" అంది. ఖాళీగా పంపితే తప్పు, నేను నిండుగానే పంపాను కదా అన్నాను. దానికి ఆమె దగ్గర సమాధానం లేదు.

నిన్న ఇంకా తమాషా. హైమావతి గారు మా గేటు దగ్గరికే వచ్చి, నిలువు ఎండలో నిలబడి, "శ్యామలా, నీ ఓటు నాకేస్తావా?" అని అడిగారు. నేను వరండాలోనే పేపరు చదువుతున్నాను! వెర్రిబాగుల మనిషి. అభ్యర్థి ఇంటికే వచ్చి ఓటడగడమేమిటయ్యా? నవ్వాపుకోలేక లోపలికెళ్ళిపోయాను.

ఇట్లు,
కాబోయే అధ్యక్షుడు
పరంధామయ్య


నారపల్లి,
8 సెప్టెంబరు 2010

సారుకు సాంబయ్య దండాలు.

శాంతాబాయి సంగతి సదివి నేను, సత్తమ్మ కడుపుబ్బ నవ్వినం. మీరేం అనుకోకున్రి.

గని గిన్నె సంగతి నాకు మంచిగనిపియ్యలే సారు. తిరస్కరించిన కవర్లు నేను మస్తు వాపస్ ఇచ్చిన. పంపినోళ్ళ మొఖం సూసేది నేను గద, మీరు కౌంటరు ఎనుక గూసుంటుంటిరి. కోర్టు నోటీసు వాపసొస్తే గూడ మనిషి చిన్నవోతడు. ఇగ కొబ్బరన్నం అంటే ఎట్లుంటది?

ఇంకొకటి. మీ ఉత్తరంల కాలనీ మొత్తం ఉన్నది గని, శ్యామల చెల్లె ఏమనుకుంటున్నదో ఒక్క ముక్క లేదు. "ఆమె దగ్గర సమాధానం లేదు" అని రాసిన్రు. ఆడోళ్ళ కాడ సమాధానం లేదంటే నేనైతే పరేషాన్ అయిత. సత్తమ్మ గమ్మునున్న రోజు నేను బువ్వ గూడ అడుగ.

అక్టోబరు మూడో తారీకు పొద్దుగాల ఏడింటికల్ల వస్త. ఓట్ల డబ్బాకు తాళాలు రెండు వెట్టున్రి, ఒకటి మీ కాడ, ఒకటి హైమావతి మేడం కాడ. లక్క నేను తెస్త.

మీ సాంబయ్య


నాచారం,
5 అక్టోబరు 2010

ఎన్నికల అధికారి శ్రీ సాంబయ్య గారికి,

నిన్నంతా నేను అన్నం తినలేదు. అది వేరే సంగతి.

ముప్ఫై రెండు, ముప్ఫై ఒకటి. ఒక్క ఓటు! అరవై మూడిళ్ళూ ఓటేశాయి. ఒక్క చెల్లని ఓటు కూడా లేదు. నా చట్టం ఎంత బాగా పనిచేసిందో చూడండి. రెండు తాళాలు, లక్క ముద్ర, ఓట్ల కోసం ఇచ్చిన మా ఇంటి బియ్యం డబ్బా, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అన్నీ సక్రమంగా ఉండి నేను ఓడిపోయాను. ఏ దొంగో రాత్రికి రాత్రి డబ్బా ఎత్తుకుపోయి ఉంటే ఎంత బాగుండేది!

నాకు మాటిచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది. మా ఇంటితో కలిపి ముప్ఫై రెండు. డైరీలో రాసుకున్నాను, లెక్క తప్పే ప్రసక్తే లేదు. అంటే ఎవడో ఒకడు నా మొహాన నవ్వి చాటున గోతిలో తోశాడు. వాడెవడో నాకు తెలియాలి. అధ్యక్ష పదవి పోయినందుకు కాదు. ఈ కాలనీలో ఇరవై ఏళ్ళుగా నా వెనక ఎవడు వెన్నుపోటుదారుడిగా తిరుగుతున్నాడో తెలియకపోతే నేను రేపట్నుంచి ఎవరికి నమస్కారం పెట్టాలి?

మీరు చీటీలు విప్పుతున్నప్పుడు నేను ఎదురుగానే కూర్చున్నాను. అన్నీ చకచకా చదివారు. ఒక్క చీటీ దగ్గర మాత్రం ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నావైపు చూశారు. తర్వాతే "హైమావతి" అన్నారు. ఆ చీటీ ఎవరిది? మీకు తెలుసు. మీ మొహం చూస్తేనే తెలిసిపోయింది. వెంటనే తిరుగు టపాలో రాయగలరు.

ఇట్లు,
ఓడిన అభ్యర్థి
పరంధామయ్య

(కవరు మూత లోపలి వైపు, చిన్న అక్షరాలతో)

అన్నయ్యా, కవర్లు అంటించేది నేనే కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆయన చూడరు. మీరు నా రాత గుర్తుపట్టారని నాకూ తెలిసింది. చెప్పకండి. నేనే చెప్తాను, కొంచెం ధైర్యం వచ్చాక. నాకు భయమేస్తోంది, కానీ తప్పు చేశానని మాత్రం అనిపించడం లేదు. అదేమిటో మరి. శ్యామల.


నారపల్లి,
13 అక్టోబరు 2010

సారుకు సాంబయ్య దండాలు.

నన్ను "శ్రీ", "గారు" అనకున్రి సారు, బుగులైతది. మీరు మెమో ఇచ్చేటప్పుడే గట్ల రాస్తుంటిరి.

నాలుగో సెక్షన్ సదివిననాడు మనసుల గుబులుగున్నదని రాసిన గద. ఎందుకో ఇప్పుడు జెప్త. ఇరవై రెండేండ్లు ఆ కాలనీల మనీయార్డర్ల మీద, రిజిస్టర్ల మీద దస్కత్‌లు వెట్టించుకున్న. మీరెవ్వరు పోస్టు డబ్బా దాంక నడిచేటోళ్ళు గాదు, ఉత్తరాలన్ని నా చేతులనే వెడ్తుంటిరి. ఎవ్వరి రాత ఎట్లుంటదో నాకు మా ఇంటి గోడ లెక్క ఎరుకే. డబ్బా తెరిచి చీటీలు ఇప్పుతుంటే పేర్లు గాదు సారు, ఇండ్లు కనవడ్డయి. ఇది మూడో నంబరు, ఇది శాంతాబాయి, ఇది కిరాణం దుకాణపాయిన. అరవై మూడింటికి అరవై మూడు! మీరు గుప్త ఓటు అని రాసిన్రు. అందరికి గుప్తమే గని నా ఒక్కనికి గాదు.

ఎవరిదో జెప్పుమన్నరు. మీరే నేర్పిన్రు గద సారు, నేను కొత్తగ నౌకర్ల చేరిన్నాడు? "సాంబయ్యా, కవరు మీద ఉన్నది నీది, లోపలున్నది చేరేటోళ్ళది" అన్నరు. గా మాట మీద ముప్ఫై ఏండ్లు బతికిన. ఇప్పుడు మీకోసమని తప్పుమంటరా? నేను జెప్ప. కోపం రానియ్యున్రి. ఏం జేస్తరో జేయున్రి.

గంతే గాదు. మీరు వెతికేటోళ్ళు దొరికిన్నాడు నోరు జారకున్రి. జర తమాయించుకోన్రి. గిది ఉత్తరంల ఇంతకన్నా ఎక్కువ రాయలేను.

మీ సాంబయ్య


నాచారం,
20 అక్టోబరు 2010

సాంబయ్యా,

నువ్వు చెప్పకపోతే నేను కనిపెట్టలేననుకున్నావా? కనిపెట్టాను. చిదంబరం!

ఎలాగంటావేమో. పాత చందా రసీదు పోయిందని అబద్ధమాడి, అతనిచేత కొత్తది రాయించుకున్నాను. చేతిరాత పోల్చుదామంటే చీటీలన్నీ లక్క వేసి బీరువాలో ఉన్నాయి, తాళం హైమావతి గారి దగ్గర. అయినా అతను రసీదు మీద నా పేరు రాసేటప్పుడు ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాశాడు. చాలదూ? చదరంగం ఆడుతూ మధ్యలో మొహం మీదే అడిగేశాను. "అరవై ఒకటో ఏట నన్ను ఇంత మాటంటారా?" అని బల్ల మీద పావులన్నీ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. దొంగకు కోపమెక్కువ. పోనీ. రేపు సంఘం నోటీసు బోర్డు మీద

22 అక్టోబరు

పై వాక్యం పూర్తి చెయ్యను. నోటీసు బోర్డు మీద ఏమీ పెట్టలేదు, పెట్టను.

మొన్న ఈ ఉత్తరం రాస్తుంటే శ్యామల పక్కన కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. రాసింది రాసినట్టు పైకి చదివాను. చిక్కుళ్ళు పక్కన పెట్టి, "చిదంబరం గారు మీకే వేశారు. మీకు వెయ్యనిది నేను" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం వెయ్యనిది?" అన్నాను.

"ఓటు."

"కొబ్బరన్నం కోసమా?"

"గిన్నె గురించి కోపం వచ్చింది, నిజమే. కానీ దానికోసం కాదు. హైమావతి వచ్చి అడిగింది. మీరు అడగలేదు."

"నిన్ను అడగడమేమిటి, విడ్డూరం కాకపోతే!" అన్నాను.

"అదే" అంది.

సాంబయ్యా, తర్వాత ఆమె అన్నదంతా రాస్తున్నాను. నాలోనే దాచుకుంటే నాకు అన్నం సహించదు. "అరవై ఒక్క గేట్లు తిరిగారు. శాంతాబాయి చేత నెత్తిన నీళ్ళు పోయించుకుని కూడా అడిగారు. మన గేటు దాటి వెళ్తూ వస్తూ ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. మా నాన్నిచ్చిన ఎకరం అమ్మినప్పుడు కాగితం తెచ్చి ఇక్కడ పెట్టు అన్నారు, సంతకం పెట్టాను. బ్యాంకు లోనుకి ఇక్కడ పెట్టు అన్నారు, పెట్టాను. ముప్ఫై రెండేళ్ళు మీరు వేలు చూపించిన చోటల్లా పెట్టాను. ఆ రోజు సాంబయ్య అన్నయ్య కాగితమిచ్చి, 'చాటుకు పోయి నీకు ఇష్టమున్న పేరు రాస్కో చెల్లె' అన్నాడు. ఇష్టమున్న పేరట! మీ పేరు రాయాలనే వెళ్ళాను. రాసేముందు నన్నడిగిందెవరా అని ఆలోచించాను. అంతే."

నాకు కోపం రావాలి. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను కూడా. రాలేదు. సిగ్గేసింది. నేను వరండాలో కూర్చుని హైమావతి గారిని చూసి నవ్విన రోజు గుర్తొచ్చింది. ఆవిడ అడిగిన గేట్లు అరవై రెండు. నావి అరవై ఒకటి. నలభై ఒక్క సెక్షన్లు రాసినవాడికి ఈ చిన్న లెక్క తెలియలేదు చూడు.

నువ్వు నోరు జారొద్దని ఎందుకు రాశావో ఇప్పుడర్థమైంది. చిదంబరానికి నేను క్షమాపణ చెప్పాను. చదరంగంలో రెండాటలు ఓడిపోతే గానీ క్షమించనన్నాడు. నాలుగు ఓడాను. అందులో రెండు నిజంగానే ఓడాను.

నీ
పరంధామయ్య


నారపల్లి,
30 అక్టోబరు 2010

సారుకు,

మీ ఉత్తరం సదివి చెప్పులేసుకొని బయటికి నడిచిన. గేటు కాడ నిలవడ్డ. సత్తమ్మ బియ్యం చెరుగుతున్నది. ముప్ఫై ఐదేండ్లల్ల దాన్ని నేనేమన్న అడిగిన్నా అని మస్తు సోంచాయించిన. నారపల్లిల ప్లాటు కొన్నది గూడ కొన్నంక జెప్పిన సారు! ఏమడగాల్నో దెల్వక, "సత్తమ్మా, జర చాయ్ వోస్తవా?" అన్న.

అది చాట కింద వెట్టి నా దిక్కు గట్టిగ సూసింది. "ఏమైంది, పానం మంచిగ లేదా? దవాఖానకు పోదామా?" అన్నది.

మీ కానూన్ మా ఇంట్ల చెల్లనీకి ఇంగ టైమ్ వడ్తది సారు. గని చెల్లెకు నా దండాలు జెప్పున్రి. ఆమె చీటీ సూసినప్పుడు నేను కళ్ళజోడు తుడిచింది పరేషానై గాదు. ఆమె రాసిన ఉత్తరాలన్ని నేనే డబ్బాల ఏసిన. అన్ని ఒంకర టింకరగ, తొందర తొందరగ, పొయ్యి మీద పాలు వొంగుతయేమో అన్నట్టు రాస్తుండె. ఈ చీటీ ఒక్కటి మాత్రం కుదురుగ గూసొని రాసింది. గుండ్రంగ, ముత్యాల లెక్క. గందుకే ఆగిన.

సాంబయ్య


నాచారం,
12 డిసెంబరు 2010

ఒరే సాంబయ్యా,

ముసాయిదా ఢిల్లీకి వెళ్ళిపోయింది. రిజిస్టరు పోస్టు, రసీదు కార్డుతో సహా. నలభై ఒకటి కాదు, నలభై మూడు సెక్షన్లు. "ఆచరణలో పరీక్షించబడినది" అన్న ముక్క ఉంచాను. కింద "పరీక్షలో రచయిత తప్పినాడు" అని కూడా రాశాను. అబద్ధమెందుకు?

మార్పులు నీకు తెలియాలి. నాలుగో సెక్షన్ కొట్టేసి, మళ్ళీ పాతకాలపు ముద్రే పెట్టాను. అది చాలదని నలభై రెండు చేర్చాను: "ఏ ప్రాంతములో ఉత్తరములు పంచిన వ్యక్తి ఆ ప్రాంతపు ఓట్లు లెక్కించరాదు." ఢిల్లీలో ఇది చదివి తల గోక్కుంటారు. గోక్కోనీ. దేశం మొత్తంలో ఈ ప్రమాదం తెలిసినవాళ్ళం మనిద్దరమే.

పందొమ్మిదో సెక్షన్‌కి మినహాయింపు ఇచ్చాను: "ఇంటి గిన్నెలో వచ్చి, ఇంటి గిన్నెలో తిరిగి వెళ్ళునది లంచము కాదు." పోయిన శుక్రవారం శ్యామల చేసిన గోంగూర పచ్చడి నేనే పట్టుకుని హైమావతి గారి గేటు బయట నిలబడ్డాను. లోపలికి రమ్మన్నారు. ముందు గిన్నె తీసుకోమన్నాను. ఆవిడ లోపలికెళ్ళి, ఆగస్టులో నేనంటించిన చీటీ పట్టుకొచ్చారు. దాచారట! "తిరస్కరించారు" కొట్టేసి, "ముట్టినది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి నా చేతికిచ్చారు. టీచరమ్మ కదా, ఎర్ర సిరాతో దిద్దారు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ మంచి అధ్యక్షురాలు సాంబయ్యా. వీధి దీపాలు నేనైతే చట్టం రాసి వెలిగించేవాణ్ణి, ఆవిడ లైన్‌మన్‌ని పిలిచి వెలిగించారు.

ఇక ఆఖరిది, నలభై మూడు. అది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. "అభ్యర్థి తన ఇంటి ఓటు తనదేనని భావించరాదు. అందరి గేటు బయట నిలబడినట్లే తన గేటు బయట కూడ నిలబడి, అడిగి, జవాబు కొరకు వేచి ఉండవలెను." పార్లమెంటులో ఇది నెగ్గుతుందా అంటే నాకు నమ్మకం లేదు. అక్కడున్న వాళ్ళందరూ ఇళ్ళకు వెళ్ళాలి కదా.

వచ్చే అక్టోబరులో మళ్ళీ నిలబడుతున్నాను. ప్రచారం మొదలెట్టేశాను కూడా. మొన్న బుధవారం పొద్దున్న ఉతికిన పంచె కట్టుకుని, గేటు బయటికి వెళ్ళి, గడియ చప్పుడు చేశాను. శ్యామల కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "లోపలికి రారేం?" అంది. "సెక్షన్ ఏడు" అన్నాను. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుని, చేతులు జోడించి అడిగాను.

"శ్యామలాదేవి గారూ, వచ్చే ఎన్నికల్లో మీ ఓటు నాకేస్తారా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది. "ఆలోచించి చెప్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ్టికి ఐదో రోజు. రోజూ అన్నం పెడుతుంది, కాఫీ ఇస్తుంది, టీవీ చూస్తుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. నిన్న ఉండబట్టలేక "ఆలోచించావా?" అన్నాను. "ఇంకా పది నెలలుంది కదా" అంది.

నీ
పరంధామయ్య